పలికెడి పలక



మన చిన్ననాట బడిలో నల్లబల్లయు సుద్దముక్కయు నుండెడివి. నేడు పెక్కు బడులలో వాని స్థానమున, చేతితో తాకినంతనే బొమ్మలు కదలెడి తెల్లబల్ల వెలసినది. కెనడా దేశపు స్మార్ట్ టెక్నాలజీస్ సంస్థ యిట్టి బల్లను 1991వ సంవత్సరమున లోకమునకు తెచ్చెను. ఆంధ్రప్రదేశమున 2023లో ప్రభుత్వ పాఠశాలలయందు ఈ జాతికే చెందిన తెరపలకలను బిగించిరి.

ఈ బల్లమీద బొమ్మను చూపుటయే కాక, దానికి ధ్వనిని గూడ జతపఱుపవచ్చును. స్మార్ట్ నోట్‌బుక్ అను పాఠములు కూర్చు సాధనమున ఉపాధ్యాయిని తన గొంతును ముద్రించి ఒక్కొక్క బొమ్మకు తగిలించిన, బిడ్డ దానిని తాకగనే ఆ పలుకు వినవచ్చును.

ఇందువలన లాభమేమని మీరడుగవచ్చును. 'కల' యనిన నొకటి, 'కళ' యనిన వేఱొకటి. ఈ భేదమును కన్ను చూచినను, చెవి విననిదే నాలుకకు పట్టుపడదు. నలుగురి యెదుట అడుగుటకు సిగ్గుపడు బిడ్డ పదిమాఱులు తాకి వినవచ్చును, యంత్రము విసుగుకొనదు. చూపు మందగించిన బిడ్డకు ఈ పలుకే యూతకఱ్ఱ.

అయినను ఒక భయము గలదు. గడచిన యేట మేమొక బడికి పోయితిమి. బల్లపై శంఖము బొమ్మను తాకగా 'సంకము' అని వినవచ్చెను. తరగతిలోని బిడ్డలెల్లరు ఏకకంఠమున అట్లే పలికిరి. ధ్వనిని ముద్రించినవారు తొందరలో తిరిగి వినలేదట! గురువు నోట జారిన తప్పును మఱునాడు దిద్దుకొనవచ్చును. ముద్రణలో నిలిచిన తప్పు ఏటేట పాఠమగును.

కావున ముద్రించువారు తలుపులు మూసి, పంకా నాపి, మాట కొక ముద్రణ చేయవలెను. మాటవెంట బిడ్డలు తిరిగి చెప్పుటకు కొంత విరామము విడువవలెను. పుట తెఱవగనే మ్రోగునట్లు గాక, తాకినప్పుడే పలుకునట్లు అమర్చుట మేలు. పిమ్మట గదిలో వెనుకవరుసన నిలిచి ఒకమాఱు వినవలెను. బిడ్డల గొంతును ముద్రింపదలచినచో తలిదండ్రుల యనుమతి ముందుగా పొందవలెను.

ఇందు గృహిణులకేమి పని యందురా? చేట, జల్లెడ, కవ్వము, రోకలి - వీని పేరులు స్పష్టముగ పలుకగల పెద్దలు మన యిండ్లలోనే యున్నారు. చేతిలోని ఫోనులో మీ యత్తగారి గొంతున నాలుగు మాటలు ముద్రించి ఉపాధ్యాయినికి పంపుడు. అది బడికి మీరిచ్చు కానుక.

తుదకొక్క మాట. ఈ ముద్రిత ధ్వని పలుకును గాని, బిడ్డ పలికినది వినదు. తప్పినచో దిద్దుటకును, ఒప్పినచో మెచ్చుటకును మనుష్యులే కావలెను. నేటి సాయంకాలము బిడ్డ బడినుండి రాగానే, బల్ల నేర్పిన మాట నొకదానిని చెప్పించుకొని, పని మాని వినుడు.