శక్తి కొలది ఇద్దాం, అప్పు చేసి వద్దు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మాది పల్నాడు వైపు ఒక పల్లె, ఎరుకల కుటుంబం. అమ్మ మిర్చి కోతలకు, పత్తి తీతలకు కూలికి పోతుంది. పోయిన ఏడాది కోతపండుగ రోజు మా సంఘంలో కానుకలు ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదివారు. ఫలానా వారు పది వేలు, ఫలానా వారు ఐదు వేలు. ఆ వరసలో అమ్మ పేరు కూడా వచ్చింది, రెండు వేలు. నేను ఉలిక్కిపడ్డాను. అవి నా పరీక్ష ఫీజుకని దాచిన డబ్బులు. తర్వాత ఆ ఫీజు కోసం మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంది. అంటే రాబోయే కోతల కూలి ముందే అయిపోయింది.

కోప్పడితే ఒకటే మాట అంది: "అందరూ ఇచ్చేచోట నన్ను చేతులు ముడుచుకుని కూర్చోమంటావేందిరా? మనం మనుషులం కాదా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా తెగ మొత్తాన్నీ నేరస్థుల జాతి అని చట్టంలో రాసి, సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకున్న రోజులున్నాయి. ఆ చట్టం పోయింది 1952లో. అలాంటి ఇంటి ఆడమనిషి నలుగురిలో తన చేత్తో ఇవ్వడం చిన్న సంగతి కాదు. అందుకే పేదోళ్ళు కానుక ఇవ్వొద్దు అని నేను అనను. ఎంత ఇవ్వాలి, ఎవరు నిర్ణయించాలి అన్నదే నా ప్రశ్న.

బైబిల్లోనే చూడండి. లేవీయకాండం 5వ అధ్యాయంలో గొర్రె తేలేనివాడు రెండు పక్షులు తేవచ్చు, అవీ లేనివాడు కొంచెం పిండి తెస్తే చాలు. పిండి తెచ్చినవాడికి క్షమాపణ తక్కువేం కాదు. యేసు తల్లి కూడా పక్షులతోనే సరిపెట్టింది. అపొస్తలుల కార్యాలు 11లో కరువొచ్చినప్పుడు అంతియొకయ విశ్వాసులు ఎవరికి వీలైనంత వారు పంపారు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు కూడా ఉన్నదాన్ని బట్టే లెక్క అంటాడు. ఒకరికి సుఖం, ఇంకొకరికి భారం కాకూడదని కూడా అంటాడు.

మరి దశమభాగం? ధర్మశాస్త్రంలో అది పొలం పంట మీద, మంద మీద. మూడేళ్ళకోసారి ఆ భాగం లేవీయులతో పాటు పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్ళకు పోవాలి. సెంటు పొలం లేని కూలోళ్ళం మనం. ఆ లెక్కన చూస్తే మనం ఏ వరసలో నిలబడతామో మీరే చెప్పండి. విధవరాలి రెండు కాసుల కథ అందరూ చెప్తారు. దానికి ముందే, మార్కు 12లో, విధవరాళ్ళ ఇళ్ళు మింగేవాళ్ళను యేసు గట్టిగా మందలించాడు. అదీ చదవాలి కదా.

మన ప్రాంతం చరిత్ర కూడా ఇదే చెప్తుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. డబ్బు కోసం చేరారనే మాట రాకూడదని సహాయం నడుస్తున్నన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మందికి ఇచ్చారు. ముందు కడుపు, తర్వాతే సంఘం లెక్క.

"పల్లె పాస్టరు కూడా పేదవాడే, ఆయన ఎట్లా బతకాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ బరువు ముందు జీతగాళ్ళు, పొలం ఉన్నోళ్ళు మోయాలి. యాభై వేల జీతంలో పదోవంతు పోతే ఇంకా నలభై ఐదు వేలుంటాయి. నాలుగు వందల కూలిలో పదోవంతు పోతే ఆ పూట కూర పోయినట్టే.

మిజోరం తెగల ఆడవాళ్ళు 1910 నుంచి వంట చేసేటప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుని కోసం పక్కన పెడుతున్నారు. మన పల్లెల్లోనూ ఆ అలవాటు ఉంది. అందులో అప్పు లేదు, పోటీ లేదు, మైకు లేదు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, యూత్ మీటింగుల్లో మనం మూడు అడుగుదాం. ఒకటి, పేర్లూ మొత్తాలూ చదవొద్దు. రెండు, పిల్లల ఫీజు, మందుల ఖర్చు పోయాకే కానుక అని పెద్దలే చెప్పాలి. మూడు, వచ్చిన దాంట్లో కొంత మన పల్లె అవసరాలకు పెట్టి, లెక్క అందరికీ చూపించాలి.

ఈ ఏడు అమ్మతో మాట్లాడాను. కోతపండుగకు ఒక సోలెడు బియ్యం తీసుకెళ్తానంది. "మైకులో చదవరు కదా?" అని మాత్రం అడిగింది. మీ ఊళ్ళో ఎట్లా ఉందో కింద రాయండి.