నీటిమట్టం చదివేవాళ్లు తగ్గుతున్నారు

ఎకరం పొలం కింద నీటిమట్టం మీటరు దిగితే ఎన్ని నీళ్లు తోడినట్టు? రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలాచోట్ల నేల అడుగున ఉన్నది గ్రానైటు. ఆ రాతి పగుళ్లలో, పైనున్న మొరపలో నీరు నిలిచే చోటు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు మాత్రమే. రెండనుకుందాం. మీటరు దిగితే దక్కేది 20 మిల్లీమీటర్ల నీరు. బోరు కింద వరికి కావలసింది 1,200 మిల్లీమీటర్ల పైమాటే. అంటే ఒక్క ఎకరం వరి కోసం 60 ఎకరాల కింద నీరు మీటరు చొప్పున దిగాలి. పారించినదాంట్లో మూడో వంతు మళ్లీ ఇంకిందనుకున్నా 40 ఎకరాలు.

ఈ లెక్కకు గుణకారం వస్తే చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు వేలమంది రైతులు దీన్ని సొంతంగా వేసేవారు. నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే పథకం అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో నడిచింది. వాళ్లకు ఎవరూ నీళ్లు ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు, వరి వేయొద్దని ఆంక్ష పెట్టలేదు. చేతికి వర్షమాపకం, బావిలోకి దించే టేపు ఇచ్చి చదవడం నేర్పారు. డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి బోరు ఎన్ని నీళ్లు పోస్తుందో తేల్చేవారు. వచ్చిన అంకెలు ఊరి గోడమీద రాసేవారు. వానాకాలం పోగానే, రబీ విత్తనాలు కొనకముందే అందరూ కూర్చుని భూమిలో ఎంత చేరింది, మనం వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని కూడికలు తీసివేతలు చేసేవారు. లోటు కనిపిస్తే ఏం చేయాలన్నది ఎవరి ఇష్టం వారిది.

ఫలితం చిన్నది కాదు. మూడేళ్లలో 42 శాతం పరీవాహక ప్రాంతాల్లో రబీ నీటి వాడకం వరసగా తగ్గిందని, మరో 51 శాతంలో కొన్నేళ్లు తగ్గి కొన్నేళ్లు తగ్గలేదని, పెరిగింది 7 శాతంలోనే అని ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక చెప్పింది. ఆ తర్వాతి కథే నన్ను కలవరపెడుతోంది. 2012లో అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ (ఐడబ్ల్యూఎంఐ)–టాటా కార్యక్రమ పరిశోధకులు ఈ పథకాన్ని మళ్లీ పరిశీలించినప్పుడు అంత ఆశాజనకమైన చిత్రం కనిపించలేదు. పథకం ముగిశాక చాలాచోట్ల కొలతలు, నీటి లెక్కలు ఆగిపోయాయి. శిక్షణ దండగ అని కొందరు దీన్నుంచి తేల్చారు. నేనలా అనుకోను. ఏటా చేయాల్సిన పనిని పథకం ఉన్నన్నాళ్లే చేయించాం. టేపు పట్టినవాళ్లకు ఆ పనిని ఎవరూ ఉద్యోగంగా చూపలేదు, పంచాయతీ ఖాతాలో దానికంటూ పద్దు లేదు.

ఇప్పుడు కొలతలు లేవా అంటే, ఎప్పుడూ లేనన్ని ఉన్నాయి. నీటిమట్టం చూసే బోర్లయిన పిజోమీటర్లకు ఆటోమేటిక్ యంత్రాలు బిగించారు, నీటిమట్టం నేరుగా రాజధానిలోని తెరమీదికి వెళ్తోంది. అది మంచి పనే. కానీ ఆ పిజోమీటరు పక్కనే పొలమున్న రైతుకు అందులో ఏముందో తెలియదు. అతను ఇప్పటికీ కొబ్బరికాయతో పాయింటు చూపించుకుని, అప్పు తెచ్చి మూడో బోరు, నాలుగో బోరు వేస్తున్నాడు. పగుళ్ల రాయిలో పక్కపక్క బోర్లకే పొంతన ఉండదు. ఇక మండలం మొత్తానికి తీసిన సగటు చూసి మిట్టమీది రైతు ఏం నిర్ణయించుకోగలడు?

ఇంకో లోపం ఉంది, దీని గురించి తక్కువ మాట్లాడతాం. వ్యవసాయ బోర్లకు ఉచిత కరెంటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వచ్చింది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. దీని మంచిచెడ్డలు వేరే చర్చ. మీటరు లేని బోరు ఎంత తోడిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని గంటలు ఆడి ఉంటాయి అని అంచనా కట్టి భూగర్భ జలాల వాడకం చెబుతున్నాం. దిగిన మట్టం కచ్చితంగా తెలుసు, తోడినది ఉజ్జాయింపుగా తెలుసు. ఈ రెండో అంకెను సరిచేయగలిగింది డ్రమ్ముతో, గడియారంతో ఊళ్లో నిలబడే మనిషే.

వానలు బాగున్నన్నాళ్లు ఈ లోపం బయటపడదు. 2020, 2021లలో నీరు పైకి వచ్చింది, బోర్లు నిండాయి, వరి పెరిగింది. మళ్లీ వరసగా రెండేళ్లు వాన తప్పితే నష్టం పంటతో పోదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కుళాయిలు చాలా ఊళ్లలో ఇదే రాతిలోని బోర్లమీద ఆధారపడ్డాయి. పొలం బోరు, తాగునీటి బోరు తోడుకునేది ఒకే నీరు. బోరు లేని, భూమి లేని ఇళ్ల ఆడవాళ్లకే ముందు బిందె ఖాళీ అవుతుంది. అందుకే లెక్కలు నేర్పే చోట వాళ్లు తప్పకుండా ఉండాలి. బోరున్న రైతులను మాత్రమే కూర్చోబెడితే తాగునీటి వాటా ఎవరూ తీసిపెట్టరు.

కేంద్రం 2019లో మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజనలో గ్రామాల నీటి లెక్కలు ప్రధానాంశం. అది ఏడు రాష్ట్రాలకు వెళ్లింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఆ పని ముందు చేసి చూపిన నేల మనదే.

రెండు రోజుల శిక్షణ, ఒక సర్టిఫికెట్టు, గ్రూపు ఫొటో వల్ల ఆ నేర్పు తిరిగిరాదు. నాటి రైతులు ఏడాది పొడవునా పొలంలోనే, తమ బావిలోనే నేర్చుకున్నారు. ఆంధ్రలో గ్రామ సచివాలయాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. ఊరికి ఇద్దరికి నెలనెలా కొద్దిపాటి వేతనమిచ్చి కొలతలు తీయించవచ్చు, పిజోమీటరు అంకెను ఊరి గోడమీదికి తేవచ్చు. అక్టోబరు గ్రామసభలో లెక్క చదవాలి. నవంబరుకు వరినార్లు పోసేస్తారు, ఆ తర్వాత చదివిన లెక్క ఎవరికీ అక్కరకు రాదు.