ఇంటి ప్లానులో కాపురం కబుర్లెందుకు?

మొన్న ఆఫీసులో మళ్ళీ అదే గొడవ. డ్రైవర్ సెన్సర్‌ని ఎన్ని మిల్లీసెకన్లకోసారి చదవాలో ఓ కుర్రాడు డివైస్ ట్రీలో రాసుకొచ్చాడు. "పనిచేస్తోంది కదండీ!" అంటాడు. పనిచేస్తుంది, కాదనను.

కానీ డివైస్ ట్రీ ఉన్నది బోర్డు మీద ఏముందో చెప్పడానికి. ఏ చిప్పు ఏ అడ్రసులో ఉంది, ఏ ఇంటరప్టుకి కలిపారు, అంతే. దాన్నెలా వాడుకోవాలన్నది సాఫ్ట్‌వేర్ ఇష్టం. 2011లో ఆర్మ్ కోడు కంగాళీ చూసి లైనస్ టోర్వాల్డ్స్ విసుక్కున్నాకే కదా, పవర్‌పీసీలో అప్పటికే ఉన్న ఈ పద్ధతి ఆర్మ్‌లో ఊపందుకుంది!

ఈ తప్పు ఒకప్పుడు నేనూ చేశాను. మా డివైస్ ట్రీ బూట్‌లోడర్‌తో పాటు ఫ్లాష్‌లో కూర్చుంది. ఒక్క అంకె మార్చడానికి అమ్మిన పెట్టెలన్నీ వెనక్కి తెప్పించాం. అదే సిస్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టుంటే చిన్న స్క్రిప్టుతో పోయేది.

కెర్నల్‌లోనూ మినహాయింపులున్నాయి, నిజమే. ఎల్‌ఈడీలకి 'లినక్స్,డిఫాల్ట్-ట్రిగర్' ఉంది. అయితే అది మొదటి విలువ మాత్రమే, తర్వాత సిస్‌ఎఫ్‌ఎస్‌లో మార్చుకోవచ్చు.

నా మటుకు నాకు పరీక్ష ఒకటే. రేపు లినక్స్ తీసేసి ఫ్రీబీఎస్‌డీ పెట్టినా ఈ లైను నిజమేనా? కాకపోతే దాని చోటు అది కాదు. ఏమంటారు?