బొప్పి పరిమాణము ప్రమాణము కాదు
ఢిల్లీకి నైరుతి దిక్కున నున్న ద్వారకలో, బహుళాంతస్తుల భవనముల మెట్లపై బిడ్డ జారిపడి నుదుట బొప్పి కట్టినంతనే, తల్లి కొంగు ముద్దచేసి నోటి ఆవిరితో కాపడము పెట్టుట మన తెలుగిండ్ల ఆచారము. అందు వాత్సల్యమున్నది గాని, గుడ్డలో చుట్టిన మంచుగడ్డయే మేలు. తలచర్మమున రక్తనాళములు దట్టముగా నుండుటచేత స్వల్పాఘాతమునకైనను పెద్ద బొప్పి లేచును. కనుక దాని పరిమాణమును గాంచి భయపడుటయు, బొప్పి లేదని నిశ్చింతగా నుండుటయు రెండును పొరపాట్లే. పదేపదే వాంతులు, మగత, మూర్ఛ, మాట తడబాటు, ముక్కునుండి గాని చెవినుండి గాని పలుచని నీరు కారుట, వీనిలో నేది కన్పించినను, ఏడాది నిండని శిశువునకు చెవిపైభాగమున మెత్తని వాపు లేచినను, రక్తమును పలుచన చేయు మందులు వాడు వృద్ధునకు తలకు దెబ్బ తగిలినను, తెల్లవారువరకు వేచియుండరాదు.

దెబ్బయే లేకుండ ఏండ్ల తరబడి నొప్పిలేక కదులాడు గుండ్రని గడ్డ తరచుగా వెండ్రుక కుదుటినుండి పుట్టిన తిత్తియే. దువ్వెన తగిలినపుడెల్ల దానిని పిండిచూచువారు (వీరి సంఖ్య తక్కువ కాదు) చీమును కొనితెచ్చుకొందురు. అది త్వరగా పెరిగినను, పుండుపడినను, ఎముకకంటి గట్టిపడినను శస్త్రవైద్యునకు చూపవలెను.

ద్వారక 9వ సెక్టారులో ఢిల్లీ ప్రభుత్వపు ఇందిరాగాంధీ ఆసుపత్రి కలదు. అత్యవసరమున 112కు ఫోను చేయుడు.