పాము కనిపిస్తే కర్ర.. మొసలి కనిపిస్తే ఫోను

వనపర్తి: జూరాల నీరు పారే గ్రామాల్లో వరినాట్ల కాలం వచ్చిందంటే రైతుకు రెండు భయాలు. ఒకటి గట్టు మీది పాము, రెండోది కుంటలోని మొసలి. ఇటువంటి వేళ వనపర్తి ప్రాంత ప్రజలకు గుర్తుకువచ్చే పేరు సాగర్ స్నేక్ సొసైటీ. హోంగార్డు కృష్ణసాగర్ నిర్వహిస్తున్న ఈ సంస్థ ఇళ్లలోకి వచ్చిన పాములను, పొలాల్లో చిక్కిన కొండచిలువలను, మొసళ్లను చంపనీయకుండా పట్టి అటవీ అధికారులకు అప్పగిస్తోంది.

ఈ పిలుపులకు కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. జూరాల ప్రాజెక్టు, ఆ తరువాత ఎత్తిపోతల పథకాలు వచ్చి మెట్ట భూములు మాగాణి అయ్యాయి. వరి పెరిగితే ఎలుక, కప్ప పెరుగుతాయి, వాటి వెంట పాము వస్తుంది. కృష్ణా నదిలో మొసళ్లు ఏనాటి నుంచో ఉన్నవే. వాటికి ఊరి చెరువు దాకా బాట వేసింది కాలువలే.

విషం లేని జెర్రిపోతు ఎలుకలను తిని రైతుకు మేలే చేస్తుంది. కర్ర దెబ్బ మాత్రం అన్నింటికీ ఒక్కటే! అయినా ప్రజల భయాన్ని తేలికగా తీసిపారేయలేం. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. కట్లపాము కాటుకు నొప్పి అంతగా తెలియదు. నేల మీద నిద్రించే కూలీ తెల్లవారేసరికి రెప్పలు ఎత్తలేని స్థితికి చేరుకుంటాడు. నాటుమందుకు తిరిగిన ప్రతి గంటా ప్రాణాంతకమే. విరుగుడు ఇంజక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో గ్రామపంచాయతీలు వానాకాలానికి ముందే అడిగి గోడ మీద రాయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

పట్టిన జీవిని ఎక్కడ వదలాలన్నది అసలు చిక్కు. పొలంలో పెరిగిన పామును తీసుకెళ్లి నల్లమలలో వదిలితే తావు తెలియక, తిండి దొరకక చనిపోయే ప్రమాదముంది. దగ్గర్లో వదిలితే ఊరు ఒప్పుకోదు. మొసలి సంగతి మరీ కష్టం. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జీవిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అందువల్ల పట్టిన మొసలి తిరిగి కృష్ణకే చేరుతుంది. నదికి ఇటు వనపర్తి, అటు గద్వాల. రెండు ఒడ్డుల మత్స్యకారులూ పుట్టి వేసుకుని వల విసిరేది ఆ నీటిలోనే. మొసలిని వదిలే ముందు వారికి ఒక్క మాట చెప్పే ఏర్పాటు అటవీ శాఖ చేయాలి.