నిందకు నోచని కవులు

గత మాసమున దివంగతుడైన యొక వృద్ధకవికి మన నగరమున జరిగిన సంతాపసభలో వేదిక చాలనంతమంది వక్తలు కూడిరి. ‘మహాకవి’ యను మాట ఆయన జీవితకాలమంతటిలో వినబడినదానికన్న ఆ యొక్క సాయంకాలమున హెచ్చుగా వినబడెను. ఆ కవి కడపటి ఖండకావ్య సంపుటమును నిరుడు మేము సమీక్షకై ఏ పండితులకు పంపితిమో, తీరిక లేదని యొకరును, కన్నులు ఆనుటలేదని వేరొకరును, ప్రత్యుత్తరమే లేక మరికొందరును దానిని ఏ బీరువాలలో దాచిరో, ఆ పండితులే నేడు ఆయన కవితామాధుర్యమును తలచి తలచి వగచుచు వ్రాసిన వ్యాసములు మా బల్లపై గుట్టగా పడియున్నవి. ఆ సంపుటమునకు మాత్రము నేటికిని సమీక్ష లేదు.

చచ్చినవాని కండ్లు చారెడను సామెత మనవారు తమ్ము తామెరిగి చెప్పుకొన్నదే. బ్రదికియున్నవానిని మెచ్చుట సాహసము. రేపాతడు మనకన్న మంచి కావ్యము వ్రాయవచ్చును. చెడ్డ కావ్యము వ్రాసి మన మెచ్చుకోలును నవ్వులపాలు చేయవచ్చును. బహుమాన సంఘమున మనకెదురుగా కూర్చుండనూవచ్చును. మృతునివలన ఈ భయము లేవియు లేవు. అంతకుమించిన సౌకర్యము మరొకటి కలదు. సంతాపసభలో వక్త కవిత్వము జోలికి పోవుట అరుదు. మృతుడు తన్నెంతగా మెచ్చుకొనెడివాడో, తన చేయి పట్టుకొని ఏమనెనో, అదియే ఆయన ఉపన్యాసమునకు ఆద్యంతములు. కాదనగల సాక్షి యొక్కడే. ఆయన పటమై, దండ వేయించుకొని, వేదికమీదనే యున్నాడు.

దీనికన్న మన పూర్వుల కలహములే మేలు. తిరుపతి వేంకట కవులకును వేంకట రామకృష్ణ కవులకును చెలరేగిన వివాదమున ‘గీరతము’ ఒకవంకను ‘శతఘ్ని’ మరొకవంకను వెలసినవి. మాటలు హద్దు మీరినవి, మర్యాదలు మంట గలిసినవి. అయినను ఎదుటివాని పద్యమున దోషము పట్టుటకైనను ఆ పద్యమును ఒకటికి నాలుగుమారులు చదువవలెను గదా! ఆ ద్వేషమునకు సయితము పఠనము మూలము. మన దుఃఖమునకు ఆ మాత్రపు ఆధారమును లేదు. విశ్వనాథ సత్యనారాయణగారి భావములతో ఏకీభవింపని శ్రీశ్రీ, 1976లో ఆయన అస్తమించినప్పుడు కవితతో అంజలి ఘటింపగలిగెననిన, అది అన్నినాళ్ళు చదివి పోరాడినవానికి దక్కిన అధికారము. ఇక ఆ శ్రీశ్రీ ‘మహాప్రస్థానము’నకు పీఠికగా చలము ‘యోగ్యతాపత్రము’ వ్రాసినది 1940లో. ఆ కావ్యము గ్రంథరూపము దాల్చినది 1950లో. కవికి ముప్పదియేండ్ల ప్రాయమున, అచ్చు కాని పుస్తకమునకు, తన పేరును పణముగా నొడ్డి వ్రాసిన మాట లవి. నేటి మన విమర్శకులలో అచ్చయిన పుస్తకమునకైనను అంతటి పూచీ పడువా రెందరు?

మౌనమును సౌజన్యమే యని కొందరందురు. ఆ సౌజన్యము కవి బ్రదికియున్నప్పుడు ఆయన గడప నేల తొక్కలేదో వారే చెప్పవలెను. చదువని పుస్తకమును కన్నీటితో తడుపుట సాహిత్యాభిమానమగునేని, శ్రాద్ధభోక్తల ఆకలిని పితృభక్తి యనవలసివచ్చును. పొగడ్తకు నోచని కవి దురదృష్టవంతుడు. నిందకును నోచనివానిని ఏమనవలెనో మాకు తోచకున్నది. తన పద్యమొకటి చెడ్డదని యెవ్వరైన చెప్పుదురేమోయని ఆ వృద్ధుడు మా కార్యాలయమునకు వచ్చి అడిగిపోయెడివాడు.

కావున వచ్చు సంచికనుండి సంస్మరణ వ్యాసములు పంపువారు, ఆ రచయిత జీవించియుండగా ఆయన గ్రంథమును గూర్చి తాము వ్రాసిన పుట యొక్కటైనను, అది దూషణమే యైనను, జతపరుపవలెనని మనవి. తిరుగు తపాలా బిళ్ళలు ఉంచినవారి వ్యాసములను ఇప్పటికే వెనుకకు పంపితిమి.