డబ్బా కొనే ముందు లెక్క చూడండి

ఫోన్ కొనాలంటే మనం ఎంత వెతుకుతాం! ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది, అదే ఫోన్ ఇంకోచోట వెయ్యి తక్కువకు దొరుకుతుందా... పది వీడియోలు చూస్తే గానీ డబ్బు తీయం. అలాంటి మనమే జిమ్‌లో చేరిన రెండో వారానికి ట్రైనర్ చెప్పాడనో, రూమ్మేట్ వాడుతున్నాడనో రెండున్నర వేలు పెట్టి ప్రొటీన్ డబ్బా కొనేస్తాం. ముందున్న కండల బొమ్మ చూస్తాం. వెనకున్న చిన్న అక్షరాలు చదవం.

ఉద్యోగం ఇంకా చేతికి రాని రోజుల్లో రెండున్నర వేలు చిన్న మొత్తం కాదు. ఇంటి నుంచి వచ్చే డబ్బులోనే హాస్టల్ ఫీజు, కోచింగ్, దరఖాస్తు ఫీజులు, ఇంటర్వ్యూలకు బస్సు చార్జీలు సర్దుకోవాలి. ఈ డబ్బా నిజంగా అవసరమా కాదా అన్నది లెక్క వేసి తేల్చుకోవాల్సిన విషయం.

మొదట అవసరం ఎంతో చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అంటే 60 కిలోలున్నవారికి 50 గ్రాములు. బరువులెత్తి కండ పెంచాలనుకునేవారికి కాస్త ఎక్కువ కావాలి. కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు అని క్రీడా పోషకాహార నిపుణులు సాధారణంగా చెబుతారు. 60 కిలోలకు అది 72 నుంచి 96 గ్రాములు. అంతకు మించి తిన్నంత మాత్రాన కండ పెద్దగా పెరగదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక గ్రాము ప్రొటీన్‌కు ఎన్ని రూపాయలు పెడుతున్నాం? ఊరిని బట్టి ధరలు మారతాయి కాబట్టి కింది అంకెల్లో మీ ఊరి ధర వేసి చూసుకోండి.

కిలో వే ప్రొటీన్ 2,400 రూపాయలు అనుకుంటే అందులో సుమారు 30 స్కూపులు వస్తాయి. స్కూపుకు 24 గ్రాముల ప్రొటీన్. అంటే గ్రాముకు 3 రూపాయల 30 పైసలు.
కోడిగుడ్డు 7 రూపాయలు, ప్రొటీన్ 6 గ్రాములు. గ్రాముకు 1 రూపాయి 20 పైసల లోపే.
పల్లీలు కిలో 160 రూపాయలు, ప్రొటీన్ సుమారు 250 గ్రాములు. గ్రాముకు 65 పైసలు.
మీల్ మేకర్ కిలో 150 రూపాయలు, ప్రొటీన్ 500 గ్రాముల పైనే. గ్రాముకు 30 పైసలు.

వే ప్రొటీన్‌కు, మీల్ మేకర్‌కు మధ్య తేడా పది రెట్లు!

"మేం ఉండేది హాస్టల్లో, వండుకునే వీలెక్కడిది?" అంటారా? మెస్ భోజనాన్ని తక్కువ అంచనా వేయకండి. రోజు మొత్తంలో 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు, ఒక కప్పు పెరుగు లోపలికి వెళితే 40 గ్రాముల ప్రొటీన్ అప్పటికే వచ్చేసినట్టు. పైగా బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దొరుకుతుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియొనిన్ బియ్యంలో దొరుకుతుంది. మన పప్పన్నం మంచి జోడీ. కాకపోతే పప్పు నీళ్లలా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. చిక్కటి పప్పు కోసం మెస్‌లో అడగడం మీ హక్కే.

దానికి మూడు ఉడికించిన గుడ్లు, 40 గ్రాముల పుట్నాలు, 30 గ్రాముల మీల్ మేకర్ కలపండి. ఇంకో 40 గ్రాములు వచ్చి చేరతాయి. మొత్తం 80 దాటింది. అదనపు ఖర్చు రోజుకు 35 రూపాయలు, నెలకు వెయ్యి పైచిలుకు. రోజుకో స్కూపు వే ప్రొటీన్ వాడితే అదే నెలకు 2,400 అవుతుంది, వచ్చేది 24 గ్రాములే. గుడ్లు తిననివారు వాటి బదులు గ్లాసు పాలు, ఇంకాస్త మీల్ మేకర్ పెంచుకోవచ్చు. మీల్ మేకర్ తింటే మగవాళ్ల హార్మోన్లు దెబ్బతింటాయన్న ప్రచారానికి, మామూలు మోతాదుల్లో తిన్నంతవరకు, ఆధారం లేదు. అలవాటు లేనివారు మాత్రం కొద్దికొద్దిగా మొదలుపెట్టండి, లేదంటే కడుపు ఉబ్బరిస్తుంది.

అలాగని వే ప్రొటీన్ విషమేం కాదు. అది పాల నుంచే వస్తుంది. త్వరగా అరుగుతుంది, నాణ్యతలో గ్రాముకు గ్రాము పప్పుల కంటే మేలే. ఉదయం ఆరింటికి బయల్దేరి రాత్రి పదింటికి రూముకు చేరేవారికి, గుడ్డు ముట్టనివారికి, చేతిలో జీతం ఉన్నవారికి అదొక సౌకర్యం. మనం అదనంగా కట్టేది ఆ సౌకర్యానికే. భోజనం సరిగ్గా కుదరనప్పుడు లోటు పూడ్చుకోవడానికి వాడొచ్చు గానీ, భోజనం మానేసి డబ్బా మీద ఆధారపడటం మాత్రం నష్టమే. గుడ్డులో, పల్లీల్లో, పప్పులో ప్రొటీన్‌తో పాటు విటమిన్లు, ఖనిజాలు, మంచి కొవ్వులు కూడా వస్తాయి. జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే సూచించింది.

కొనక తప్పదనుకుంటే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. స్కూపు బరువులో ప్రొటీన్ ఎంతో చదవండి. మాస్ గెయినర్లలో చాలావాటికి సింహభాగం పిండి పదార్థమే. దాన్ని అన్నం, అరటిపండు ఇంతకంటే చవగ్గా ఇస్తాయి. సీలు లేని డబ్బాలు, విడిగా కవర్లో పోసి అమ్మే పొడులు వద్దే వద్దు. ఎవరైనా ఇంజెక్షన్ మాట ఎత్తితే ఆ జిమ్ నుంచి బయటికి వచ్చేయండి. కిడ్నీ సమస్య ఉన్నవారు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారికి ఇంకో మాట. 1600 మీటర్ల పరుగుకు ప్రొటీన్ ఒక్కటే చాలదు. పరుగెత్తడానికి ఇంధనం అన్నం, చపాతీ, చిలగడదుంప లాంటివే. కండ కోసమని అన్నం మానేస్తే మూడో రౌండులోనే కాళ్లు మొరాయిస్తాయి. రోజూ సాధన, ఏడెనిమిది గంటల నిద్ర ఏ డబ్బాలోనూ దొరకవు.

ఈ రోజు రాత్రి ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు గీయండి. రోజూ ఏం తింటున్నారు, అందులో ప్రొటీన్ ఎంత, దానికి ఎంత ఖర్చవుతోంది. లోటు ఎన్ని గ్రాములో తేలిపోతుంది. ముందు దాన్ని కిరాణా కొట్టులో పూడ్చండి. మిగిలిన డబ్బుతో ఒక పరీక్షకు దరఖాస్తు చేయొచ్చు, ఒక మంచి పుస్తకం కొనుక్కోవచ్చు. ఉద్యోగం వచ్చాక, మొదటి జీతం చేతిలో పడ్డాక, అప్పటికీ డబ్బా కావాలనిపిస్తే అప్పుడు కొనండి.